పిడి కింది గుర్తు

జూన్‌లో వానలు పట్టుకున్న మూడో రోజు, కానాగంత తల నరుకుతుంటే నా కత్తి పిడి చేతిలోకి ఊడొచ్చింది. అప్పటికి నాకు కోపం లేదు. కోపం పుట్టింది ఆ పిడిలోంచే కాబట్టి అక్కణ్ణుంచే చెబుతాను.

నాది జపాన్‌లో కత్తులకి పేరుపడ్డ సకాయ్ ఊళ్ళో చేపల కొట్టు. మా నాన్న పెట్టింది. చదువు నాకు పెద్దగా అబ్బలేదు. పదిహేనో ఏటి నుంచీ చేపల పొట్టలు చీలుస్తున్నాను. అయితే చేతితో చేసిన కత్తులంటే పిచ్చి. ఇంట్లో నలభై మూడు ఉన్నాయి. "బట్టలు పెట్టుకోవాల్సిన బీరువాలో కత్తులు పెట్టుకున్న మొగుడు లోకంలో నాకొక్కదానికే దొరికాడు" అంటుంది మా ఆవిడ సుమియే. ఫోన్లో చేతికత్తుల గుంపు ఒకటి ఉంది, ఆరేడు వేల మంది. అందులో నన్ను మిజో అన్న అంటారు. నా ఇంటిపేరు మిజొబాతా లెండి. తోసా కొండల్లో గొడ్డళ్ళు చేసుకునే ఒకాయన్ని మొట్టమొదట గుర్తుపట్టి నలుగురికీ చెప్పింది నేనే. ఇవాళ ఆయన కత్తి కావాలంటే రెండేళ్ళు ఆగాలి. అలా ముగ్గుర్ని పట్టుకున్నాను. "మిజో అన్న కన్ను" అని గుంపులో ఒక మాటే పుట్టింది. నేను వద్దనలేదు. వినడానికి బాగానే ఉండేది.

ఊడింది దేబా. చేప తలలు నరికే బరువు కత్తి. ఏడాది కిందట కొన్నది, ఒకిషియో జింపే మేస్త్రి చేసింది. నా దృష్టిలో జింపే మేస్త్రిని మించిన కమ్మరి లేడు. ఆయనవి నా దగ్గర పదకొండు ఉన్నాయి. కొత్త పిడి వేద్దామని, లోపల దిగి ఉన్న ఇనుప తోకకి పట్టిన తుప్పు గీకాను. తుప్పు కింద ఉలితో కొట్టిన చిన్న గుర్తు బయటపడింది. మూడు గీతలు. తడి ఇసుకలో పిట్ట కాలు పెట్టినట్టు.

జింపే మేస్త్రి అలాంటి గుర్తులు పెట్టడు. ఆయన పేరే కత్తి మీద, అరచెయ్యంత అక్షరాలతో ఉంటుంది.

మర్నాడు తై చేప తల ఒకటి కాయితంలో చుట్టుకుని కొలిమికి వెళ్ళాను. మేస్త్రికి దాని పులుసు ఇష్టం. రెండేళ్ళ కిందట చలికాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. తగ్గింది, మళ్ళీ కొడుతున్నాడు అని కత్తులమ్మే టోకు వ్యాపారి హమగాకి అందరికీ చెప్పాడు. నేనూ నమ్మాను.

మేస్త్రి కొలిమి పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పడేసి ఉంది. ఎవరో అక్కడ పెట్టి మర్చిపోయిన వస్తువులా ఉంది. దాగలి ముందు ఆయన కూతురు చిజురు. నలభై మూడేళ్ళ మనిషి, తలకి తుండుగుడ్డ, మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలు. ఉక్కునీ ఇనుమునీ ఒకటిగా అతికే ఘడియ అది. మాట్లాడించకూడదు. సుత్తి పడుతుంటే నేను లెక్కపెట్టాను. ప్రతి దెబ్బా ముందు దెబ్బ పక్కనే, వేలెడు ఎడం లేకుండా పడింది.

"చేప తలా బాబాయ్?" అంది చివరికి, ఇటు తిరక్కుండానే.

"నీకెలా తెలుసు?"

"ఈగలు నీకంటే ముందొచ్చాయి."

మేస్త్రి సగం నోటితో నవ్వాడు. నేనూ నవ్వాను. గుర్తు గురించి అడగలేదు. అక్కడే అడిగి ఉంటే ఈ కథ లేదు.

*

జూలైలో హమగాకి కొట్టు అద్దానికి పెద్ద కాయితం అంటించారు. "ఒకిషియో జింపే ఆఖరి సుత్తి దెబ్బలు. ముప్పై కత్తులు మాత్రమే. అక్టోబరు సంతలో." కింద బొమ్మ. మేస్త్రి చేతిలో సుత్తి. పదేళ్ళ కిందటి బొమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేపల నీళ్ళ బూట్లతోనే లోపలికి వెళ్ళాను.

"హమగాకి గారూ, మేస్త్రి కుడిచెయ్యి పడిపోయింది. ఈ ముప్పై ఏ చేత్తో కొట్టాడు?"

"కూర్చోండి మిజొబాతా గారూ. టీ తాగండి."

"టీ తర్వాత."

"ఆ కొలిమి ఆయనది. నిప్పు ఆయనది. పద్ధతి ఆయనది."

"సుత్తి?"

"సుత్తి కూడా ఆయనదే. మామగారు కొనిచ్చారట." నవ్వాడు. తెల్లటి మనిషి, గోళ్ళు కూడా శుభ్రంగా ఉంటాయి. జన్మలో నిప్పు ముట్టి ఉండడు.

"కొట్టింది చిజురు. పేరు ఆవిడది వెయ్యండి."

"చూడండి. మా ఊళ్ళో ఒకడు కొడతాడు, ఒకడు సానపడతాడు, ఒకడు పిడి వేస్తాడు, పేరు చెక్కించేది మేం. తాతల నాటి నుంచీ ఇంతే కదా? ఆడమనిషి పేరున్న దేబా మీ గుంపులో ఎవడు కొంటాడు? మీరు కొంటారా?"

"కొంటాను."

"అలాగా!" అన్నాడు. నా మొహంలోకి కాసేపు చూసి, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వుకున్నాడు. ఆ నవ్వుకి అర్థం నాకు ఆగస్టులో గానీ తెలియలేదు.

ఇంటికొచ్చి గుంపులో రాశాను. కోపంలో వేళ్ళు వాటంతటవే కదులుతాయి. "జింపే మేస్త్రి రెండేళ్ళుగా సుత్తి పట్టలేదు. కొడుతున్నది ఆయన కూతురు. ఇదిగో సాక్ష్యం" అని, ఆ తోక ఫొటో, పిట్ట కాలి గుర్తు పెద్దది చేసి పెట్టాను. చిజురు పేరు పూర్తిగా రాశాను. కింద ఇంకో వాక్యం కూడా కలిపాను: "ఈమెను గుర్తుపట్టింది మిజో అన్న అని మర్చిపోకండి."

నాలుగు వందల మంది స్పందించారు. "నీ కన్ను కన్ను కాదన్నా, సూదంటురాయి" అన్నాడొకడు. ఆ రాత్రి సంతోషంగా అన్నం తిన్నాను.

"ఆ పిల్లని అడిగావా?" అంది సుమియే.

"మంచి పని చెయ్యడానికి అడగడమేంటే?"

ఆవిడ ముల్లంగి కోస్తూ ఊరుకుంది. టక్ టక్ టక్. ఆవిడ ఊరుకుందంటే నేను తప్పు చేశానని. ముప్పై ఏళ్ళుగా తెలిసినా, ఆరోజు పట్టించుకోలేదు.

*

ఆగస్టులో ఒక బుధవారం. బుధవారాలు చేపల బజారుకి సెలవు. కొట్టు కడుక్కుంటుంటే చిజురు వచ్చింది. కొలిమి బట్టల్లోనే. చేతిలో పాత గుడ్డ మూట. దాన్ని నా చేపల బల్ల మీద ఎత్తి పడేసింది. నల్లటి కత్తులు, ఇంకా సానపట్టనివి, పదిహేను పైనే ఉంటాయి.

"కాషిహారా గారు వాపసు పంపించారు," అంది.

కాషిహారా అంటే ఆ కొలిమి కత్తులు సానపట్టే మనిషి. మా ఊళ్ళో కమ్మరి తన కత్తిని తాను సానపట్టుకోడు. వేరే మనిషి, వేరే ఇల్లు, వేరే రాయి. సానపట్టేవాడు చెయ్యి వెనక్కి తీసుకుంటే కమ్మరి చేసింది నల్ల ఇనప ముక్క, అంతే.

"ఎందుకని?"

"హమగాకి గారి దగ్గర నుంచే ఆయనకి పనంతా వచ్చేది. ఆ ముప్పై కత్తులూ సానపట్టించుకున్నారు, ఇక నా ముక్కలు ముట్టుకుంటే మిగతా పని రాదన్నారట." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "మిజొబాతా గారూ, పిడి కింద ఉన్నది ఎవరిది?"

గారూ అంది. పాతికేళ్ళ వయసు నుంచీ బాబాయ్ అనే పిల్ల.

"నీకు మంచి జరగాలనే అమ్మా..."

"పిడి కింద ఉన్నది చేసినవాళ్ళది. కొన్నవాడు చూడొచ్చు. చూసి మళ్ళీ పిడి వెయ్యాలి. మా నాన్న, వాళ్ళ నాన్న, ఈ వీధిలో అందరూ అంతే. మీకు తెలీదా? నలభై మూడు కత్తులున్నాయి మీకు!"

తెలుసు. ఎప్పుడో మా నాన్నే చెప్పాడు. కోపంలో గుర్తు రాలేదనడం అబద్ధం. గుర్తొచ్చింది, పక్కకి నెట్టాను.

"రెండేళ్ళుగా నీ కష్టం వేరే పేరు మీద..."

"రెండేళ్ళా!" అంది. మొదటిసారి నవ్వింది, మంచి నవ్వు కాదు. "మీ దగ్గర మా కొలిమివి పదకొండు ఉన్నాయి కదా? తీసుకురండి."

తెచ్చాను. సుమియే కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. బల్ల మీద పదకొండూ వరసగా పరిచాను.

"ఇందులో మా నాన్న కొట్టినవేవి?"

ఇది నా విద్య. ఒక్కొక్కటీ ఎత్తాను, వెలుగులో వంచి చూశాను, వేలితో వీపు తడిమాను. నాలుగు తీసి పక్కన పెట్టాను. "ఇవి. ఈ బరువు ఆయనది. చూడు, పిడి వైపు మడమ దగ్గర ఉక్కు గీత ఎలా లేచిందో. అది వేరే ఎవరికీ రాదు."

"మిగతావి?"

"అవి నీవి కావచ్చు. కొంచెం మెత్తగా ఉన్నాయి."

"పిడులు తియ్యండి."

కొయ్య సుత్తితో నేనే కొట్టాను. మొదటి పిడి ఊడింది. పిట్ట కాలు. రెండోది. పిట్ట కాలు. మూడోది, పద్నాలుగేళ్ళ కిందట కొన్నది, దాని గురించే నేను గుంపులో చేరిన కొత్తలో పేజీలు పేజీలు రాశాను. పిట్ట కాలు. నాలుగోది కూడా.

"కానివ్వండి," అంది.

మిగతా ఏడిట్లో ఐదింటికి గుర్తుంది. రెండిటికి లేదు. ఆ రెండూ నేను మెత్తగా ఉన్నాయన్నవే.

చేపల బల్ల మీద నీళ్ళు కారిపోతున్నాయి. కొళాయి కట్టేద్దామని కూడా తోచలేదు నాకు.

చిజురు జేబులోంచి మడత పెట్టిన కాయితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. "ఇది కూడా మీదే. చదవండి."

నేను రాసిందే, ఫోన్లోంచి అచ్చు తీసింది. ఎనిమిదేళ్ళ కిందటిది. ఆ ఏడు సంతలో చిజురు తన చేత్తో చేసిన కూరల కత్తి ఒకటి నాకిచ్చింది, ఇది నాది, చూసి చెప్పు బాబాయ్ అని. చూసి, గుంపులో రాశాను. "ఒకిషియో వారి అమ్మాయి చెయ్యి బాగానే ఉంది. కానీ తండ్రి బరువు లేదు. ఆ బరువు ఆడచేతికి రాదేమో." కింద, మిజో అన్న.

"ఆ ఏడే మా నాన్న హమగాకి గారి ముందు తలవంచి అడిగాడు. ఇక నుంచి నా కూతురి పేరు కొట్టించండి అని. ఆయన ఈ కాయితం తీసి చూపించాడు. మిజో అన్నే ఇలా అంటే నేనెలా అమ్మను మేస్త్రీ అన్నాడు. మా నాన్న ఇంటికొచ్చి రెండు రోజులు నిప్పు రాజెయ్యలేదు." కాయితం మళ్ళీ మడతపెట్టి బల్ల మీద ఉంచింది. "ఈ అక్టోబరులో ఆ ముప్పై కత్తులూ అమ్ముడయ్యాక, వచ్చే ఏడు నుంచి నా పేరు కొడతానని ఈసారి హమగాకి గారు మాటిచ్చాడు. నోటిమాటే. అయినా మాట. మీరు రాయగానే నన్ను మోసగాణ్ణి చేశారు కదా, ఇక మాటెక్కడిది అన్నాడు."

ఆ కాయితం వైపు చెయ్యి చాపాను.

"నా ఆ కూరల కత్తి ఏమైంది?" అంది.

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. "నా దగ్గరుందమ్మా," అంది సుమియే. "ఆయన బీరువాలో పెట్టడానికి పనికిరాదన్నాడు. ఎనిమిదేళ్ళుగా వంటింట్లో నేను దాంతోనే కోస్తున్నా. అంత మంచి కత్తి ఈ ఇంట్లో ఇంకోటి లేదు." నా వైపు తిరిగి, "నన్నెవరైనా అడిగారా?" అంది.

చిజురు మూట కట్టుకుంది. వెళుతూ ఆ తొమ్మిది తోకల వైపు చూపించింది.

"ఇది రాయండి. మీరు చూసింది కాదు. మీరు చూడలేనిది."

*

రాశాను. పదకొండు కత్తులు పిడుల్లేకుండా పరిచిన ఫొటో కాదు, పిడులు మళ్ళీ వేశాకే తీసిన ఫొటో పెట్టాను. ఎనిమిదేళ్ళ కిందటి నా మాటలు తూచా తప్పకుండా మళ్ళీ రాశాను. తండ్రివి అనుకుని పొగిడినవి కూతురివి, కూతురివి అనుకుని మెత్తగా ఉన్నాయన్నవాటిలో రెండు తండ్రివి అని రాశాను. నా కన్ను కన్ను కాదు, కత్తి మీద పేరు చదువుకునే గాజుముక్క అని రాశాను.

నవ్వారు. నవ్వనీ. "అన్నా, కళ్ళజోడు మార్చు" అని ఒకడు. నేను పొగిడిన మిగతా ముగ్గురి సంగతేంటని ఇంకొకడు. అది న్యాయమైన ప్రశ్నే. కొంతమంది మాత్రం, పేరెవరిదైనా మాకేం, సరుకు బాగుంటే చాలు కదా అన్నారు. వాళ్ళ మీద వచ్చిన కోపం నా మీద నాకొచ్చిన కోపం కంటే తక్కువేమీ కాదు. సరుకు బాగుంటే చాలట! అయితే పేరు చూడకుండా కొనండి, ఒక్కసారి!

కాషిహారా ఇంటికి వెళ్ళాను. బురద నీళ్ళలో మోకాళ్ళ దాకా తడిసి, తిరిగే సానరాయి మీద వంగి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి.

"మీకు తెలుసు కదా, పద్నాలుగేళ్ళుగా సానపడుతున్నది ఎవరి ఇనుమో?"

"రాయికి తెలీదా," అన్నాడు.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నన్నెవరు అడిగారు?" రాయి ఆపాడు. "ఇప్పుడు నువ్వెందుకొచ్చావు?"

"ఆ కత్తులు సానపట్టండి. ఆమె పేరు మీద."

"నీవా ఆ కత్తులు?"

"కాదు."

"మరి? చేసినవాళ్ళు తెచ్చి అడగాలి. మధ్యలో చేపలవాడేంటి?" మళ్ళీ రాయి తిప్పాడు. ఆ చప్పుడులోనే గట్టిగా అన్నాడు. "వాపసు పంపింది నేనే. పంపిన మర్నాటి నుంచీ తలుపు వెయ్యలేదు. ఆ పిల్లకి నువ్వు చెప్పకు. చెబితే మళ్ళీ నువ్వు చెప్పినందుకే వచ్చినట్టుంటుంది."

జన్మలో మొదటిసారి ఒక మాట విని ఎవరికీ చెప్పకుండా మింగాను. ఎంత కష్టమో నాకే తెలుసు.

సెప్టెంబరు మూడో వారంలో వీధిలో అందరూ చూశారట. జింపే మేస్త్రి శుభకార్యాలకి వేసుకునే నల్లబట్టలు వేసుకుని, ఎడమచేతి కర్ర మీద బరువేసి, కూతురి వెనకాల నడిచాడు. ముందు కాదు, వెనకాల. కాషిహారా గుమ్మంలో చిజురు వంగి మూట ముందు పెట్టింది. ఆమె వెనక తండ్రి ఇంకా కిందికి వంగాడు. నేను చూడలేదు. చూసే హక్కు లేదు.

*

అక్టోబరు సంతలో హమగాకి కొట్టు ముందు తాళ్ళు కట్టి జనాన్ని ఆపాల్సి వచ్చింది. అద్దం మీద కాయితం మార్చాడు. "ఆఖరి సుత్తి దెబ్బలు" పోయి "ఒకిషియో కొలిమి, ముప్పై కత్తులు" అయింది. అంతే. బొమ్మ అదే.

దానికి ఎదురుగా చిజురు బల్ల, సగం వెడల్పుది. దాని మీద ఆరు కత్తులు. కాషిహారా పని పోతే పోయిందని ఆరు మాత్రం సానపట్టి ఇచ్చాడు. కోసి చూసుకోడానికి చేపలు కావాలి కదా, నన్ను రమ్మని కబురు చేసింది. కబురు సుమియేకి వచ్చింది, నాకు కాదు. తెల్లారుజామున బజారులో దొరికిన మంచి కానాగంతలు మంచులో పెట్టుకుని వెళ్ళాను. బల్ల చివర నిలబడి చేపలు అందించడం నా పని. మేస్త్రి వెనక పీట మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాకా ఆగినవాళ్ళు ఆగారు, ఎత్తి చూసినవాళ్ళు చూశారు, పేరు చదివి పెట్టేశారు. నా లోపల నిప్పు రాజుకుంటూనే ఉంది. ఎదురుగా అదే చేతి కత్తులు, అదే నిప్పు, అదే రాయి, తోసుకుంటూ కొంటున్నారు.

ఒక పెద్దాయన ఆగాడు. వంటవాడని చేతులు చూస్తేనే తెలుస్తుంది. దేబా ఎత్తాడు, నన్ను చూశాడు.

"మిజో అన్న మీరే కదూ? చెప్పండి. ఈమె చెయ్యి తండ్రంతటిదేనా?"

చిజురు నా వైపు చూడలేదు. బల్ల తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది.

నోటి చివరిదాకా వచ్చాయి మాటలు. తండ్రిని మించింది, ఊళ్ళో ఇలాంటిది లేదు, నేను రాసిస్తాను, అన్నీ నిజాలే. పళ్ళు బిగించాను.

"నన్నడక్కండి," అన్నాను. "చేప అక్కడుంది. కోసి చూసుకోండి."

ఆయనకి కోపమొచ్చినట్టుంది. కానాగంతని పలక మీద పెట్టాడు. తల ఒక్క దెబ్బ. తర్వాత వెన్నెముక పక్కనుంచి తోక దాకా లాగాడు. చేప రెండుగా విడిపోయాక గానీ విడిపోయిందని తెలియలేదు. ఆయన కత్తి కడిగి, తుడిచి, వెలుగులోకి వంచి, మీద చెక్కిన అక్షరాలు పైకే చదివాడు.

"ఒకిషియో... చిజురు."

వెనక పీట కిర్రుమంది. మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియనట్టు కాసేపు నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

"తడి ఉంచకండి, తుప్పు పడుతుంది," అంది చిజురు ఆయనతో.

ఆరులో నాలుగు అమ్ముడయ్యాయి. ఎదురుగా ముప్పైకి ముప్పై అయిపోయాయి. అది కూడా చెప్పాలి.

సర్దుకుంటుంటే సుమియే సంచిలోంచి గుడ్డలో చుట్టింది తీసి బల్ల మీద పెట్టింది. వంటింటి కత్తి. ఎనిమిదేళ్ళ ముల్లంగులకి అరిగి వేలెడు సన్నబడింది. దాని మీద ఎవరి పేరూ లేదు.

"దీని మీద పేరు కొట్టివ్వమ్మా," అంది.

చిజురు దాన్ని తిప్పి తిప్పి చూసింది. పెట్టెలోంచి చిన్న ఉలి, సుత్తి తీసింది.

"నా దగ్గర తొమ్మిది..." అన్నాను ఆగలేక.

"అవి మా నాన్న పేరుతో అమ్మినవి. అలాగే ఉండనివ్వండి. మీరు రోజూ చూడాలి." కూరల కత్తిని కొయ్యదిమ్మ మీద పడుకోబెట్టింది. సన్నటిది కదా, కదిలిపోతోంది. చుట్టూ చూసింది. ఇంకెవరూ ఖాళీగా లేరు.

"పట్టుకో బాబాయ్. కదలకు. నోరు కూడా కదపకు."

రెండు చేతులతో పట్టుకున్నాను. మొదటి దెబ్బ పడింది. ఆ చప్పుడుకి ఎదుటి కొట్టు దగ్గర మిగిలిన జనం తలలు తిప్పి ఇటు చూశారు.